వాలు గడియారం

బెజాన్సాన్, బాతాన్ వీధి, నది వైపు మూల.
మా దుకాణంలో ఏ గడియారమూ
బుద్ధిగా కూచుని టైము చెప్పదు.

పింగాణీ గిన్నెలో నీళ్ళు పోస్తే
తగరపు తాబేలు ఈదుకుంటూ పోయి
అంచు మీది అంకెను ముక్కుతో చూపిస్తుంది.
దాన్ని నడిపే అయస్కాంతం అడుగున ఎక్కడో.
ఊయల మీది పిల్ల
నేను పుట్టకముందు నుంచీ ఊగుతోంది,
జారిన చెప్పు ఎవరూ తీసివ్వలేదు.
ఇత్తడి లైట్‌హౌస్ తల తిప్పుతూ వెతుకుతుంది,
సముద్రం ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం
అని దానికెవరు చెబుతారు?

"టైముకి ఇంత వేషం ఎందుకు?" అనడిగాను చేరిన కొత్తలో.
"వేషం లేకుండా దాన్ని ఎప్పుడైనా చూశావా?"
అన్నాడు ముసలి పెకో,
నోట్లోంచి స్క్రూ తీసి.

డూ నది పొంగి తగ్గిన వారం
మదాం ఎర్నెస్తీన్ జాకమే వచ్చింది.
బుట్టలో, తువాలు చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు
ఒక గుండ్రటి ఇత్తడి డబ్బా,
దాని వాలుచెక్క.

కీ ఇవ్వడానికి రంధ్రం లేదు.
స్ప్రింగు లేదు. వేలాడే గుండు లేదు,
అదే తన గుండు.
సోమవారం పొద్దున పై అంచున పెడితే
ఆదివారం రాత్రికి కింది అంచు చేరుతుంది.
దొర్లడం అనలేం.
అంత నింపాదిగా పడడానికి
ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు.

"రోజుకు పదకొండు నిమిషాలు వెనకబడుతోంది,
ఆయన పోయిన దగ్గర్నుంచీ."
పెకో నా చెవిలో గొణిగాడు:
"మొదటి సగమే రాసుకో.
రెండో సగం రిపేరుకు రాదు."

విప్పాం. పళ్ళన్నీ శుభ్రం, నూనె తాజా.
మా బల్ల మీద తొమ్మిది రోజులు,
నిమిషం తేడా లేదు.
ఇచ్చి పంపాం.
తిరిగొచ్చింది. పదకొండు.
మళ్ళీ పంపాం.
మళ్ళీ పదకొండు.

మూడోసారి పెకో టోపీ పెట్టుకున్నాడు.
నేను మట్టపు గొట్టం పట్టుకుని వెనకాల.
నాలుగు అంతస్తులు.
మైనం రుద్దిన నేల, అద్దంలా.
అలమర మీద గొట్టం పెడితే
బుడగ సరిగ్గా నడిమధ్యన నిలబడింది,
తప్పు చేయని పిల్లాడిలా.

"దీని కాలి కింద ఏమన్నా ఉండేదా?"
ఆమె చాలాసేపు ఆలోచించింది.
"మడిచిన కాగితం. ఎడమ కాలికి.
లాటరీ టికెట్టనుకుంటా, తగలనిది.
అంత్యక్రియలయ్యాక ఇల్లు కడిగినప్పుడు
ఊడ్చి పారేశాను."

పెకో జేబులు తడుముకున్నాడు.
ట్రాము టికెట్టు దొరికింది.
నాలుగు మడతలు పెట్టి
కీళ్ళు పటపటమంటుండగా మోకాళ్ళ మీద కూచున్నాడు.

"వద్దు" అంది ఆమె.
"ముప్పై ఏళ్ళు ఒరిగిన ఇంట్లో ఉన్నానన్నమాట.
ఇప్పుడు సమంగా ఉంది, ఉండనీండి.
సోమవారం పైకి ఎత్తేటప్పుడు
ఆ గంటా పదిహేడు నిమిషాలు
నేనే కలుపుకుంటాను."

డబ్బు తీసుకోలేదు మేం.
ఆమె రెండు ఉడికించిన గుడ్లు ఇచ్చింది.
మెట్లు దిగుతూ పెకో
ప్రతి మలుపులోనూ ఆగి గోడ పట్టుకున్నాడు.
నేను మనసులో లెక్కేసుకుంటున్నాను:
ఆమె నేల సమం.
మా బల్ల మీద అది సరిగ్గా నడిచింది.
అంటే.

దుకాణం తలుపు తీయగానే
గొట్టం బల్ల మీద పెట్టాను.
బుడగ ఇంకా కదులుతుండగానే
పెకో దాన్ని లాక్కుని సొరుగులో పెట్టి
తాళం వేశాడు.
నలభై ఏళ్ళుగా ఈ బల్ల మీదే
ఊరందరి టైమూ దిద్దాడు.

గుడ్లు ఒలుచుకు తిన్నాం, మాట్లాడకుండా.
అప్పుడు చూశాను తాబేలు గిన్నెని.
నీళ్ళు ఒక పక్క అంచుదాకా వచ్చి
రెండో పక్క వేలెడు కిందే ఆగున్నాయి.
రోజూ పొద్దున పోసేది నేనే.

నీరు పల్లమెరుగు.